బాబు లావు, పాప బక్కపలచన: ఇద్దరికీ ఒకే వంట సరిపోతుందా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తానమ్మా, పొరపాటుంటే సరిదిద్దండి. బాబుకు 8 ఏళ్లు, ఎత్తు 128 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. పాపకు 4 ఏళ్లు, 98 సెంటీమీటర్లు, పదమూడున్నర కిలోలు. ఇద్దరికీ చేతిలో ఫోన్ ఉంటేనే ముద్ద దిగుతుంది. బాబు బడి నుంచి రాగానే చిప్స్ ప్యాకెట్‌తో సోఫా ఎక్కుతాడు, పాప రెండు ముద్దలకే నోరు మూసేస్తుంది. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే చూసుకునేది మీ అత్తగారు. బాబుకు డైట్ చార్ట్, పాపకు బలానికి మంచి పౌడర్ చెప్పమన్నారు. బాబును కరాటేలో చేర్పిస్తే బరువు తగ్గుతాడా అని కూడా అడిగారు.

22 ఏళ్లుగా పిల్లల పోషకాహారమే నా పని. మొదట్లో అడిగిన ప్రతి తల్లికీ చార్ట్ రాసిచ్చేదాన్ని. నెల తిరిగేసరికి ఆ చార్ట్ ఫ్రిజ్ తలుపు మీదే ఉండేది, పిల్లాడి బరువూ అక్కడే ఉండేది. ఇంట్లో అందరూ పూరీ కూర తింటుంటే వాడొక్కడి కంచంలో కీరా ముక్కలు. ఆ వయసు పిల్లాడికి అందులో అర్థమయ్యేది ఒక్కటే, తనలో ఏదో తప్పుందని. అలాంటి పిల్లలు దాక్కుని తినడం నేర్చుకుంటారు. పరుపు కింద చాక్లెట్ కాగితాలు దొరికాయని నా ముందు కూర్చుని ఏడ్చిన తల్లులున్నారు. అందుకే చార్ట్ రాయడం మానేశాను. మీకూ రాయను. పౌడర్ పేరు కూడా చెప్పను, ఎందుకో కింద చెప్తాను.

ముందు పాప సంగతి, ఎందుకంటే మీ టెన్షన్ సగం అక్కడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పటంలో నాలుగేళ్ల ఆడపిల్ల మధ్యస్థ బరువు 16 కిలోలు. కానీ 12 కిలోల పైచిలుకు వరకూ ఆరోగ్యవంతమైన పరిధే. పాప సన్నగా ఉంది, నిజమే, బలహీనంగా ఉందని మాత్రం ఈ అంకెలు చెప్పడం లేదు. మొదటి పుట్టినరోజుకు బిడ్డ బరువు పుట్టినప్పటికి మూడింతలు అవుతుంది. ఆ తర్వాత ఏడాదికి 2 నుంచి 3 కిలోలే పెరుగుతుంది. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా నెమ్మదిస్తుంది. "ఏడాది వయసులో చక్కగా తినేది, ఇప్పుడేమైందో" అని ప్రతి ఇంట్లో అనుకునేది దీని గురించే. ఆడుకుంటూ, చలాకీగా, పెరుగుదల పటంలో తన గీత వెంట తాను పెరుగుతుంటే భయపడాల్సింది లేదు.

బాబు సంగతి వేరు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ, 23 దాటింది. మన పిల్లల కోసం పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన పటాల ప్రకారం ఇది ఊబకాయం గీతకు పైనే. మెత్తగా చెప్పి మిమ్మల్ని ఊరడించి పంపడం నాకు ఇష్టం లేదు. అయితే ఈ వయసులో ఒక మేలుంది. బరువు తగ్గించనక్కర్లేదు, పెరగకుండా నిలిపితే చాలు. ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతాడు కదా. రెండేళ్లు 38 కిలోల దగ్గరే నిలబెట్టగలిగితే బీఎంఐ 20 లోపుకు వచ్చేస్తుంది. ఎత్తే మనకు సాయం చేస్తుంది.

ఇప్పుడు అసలు మాట. మీ ఇద్దరి పిల్లల సమస్యా ఒక్కటే. బాబుకు కడుపు నిండిన సంగతి తెలియడం లేదు. పాపకు కడుపు ఖాళీ అయిన సంగతి తెలిసే అవకాశం మీరు ఇవ్వడం లేదు, గంటకో బిస్కెట్, గ్లాసెడు పాలు, రెండు ముద్దలు పడుతూనే ఉన్నాయి. ఇద్దరికీ ఆకలి అనేదాన్ని తిరిగి ఇచ్చేయాలి. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు దీనికి ఒక పనుల పంపకం చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అనేవి పెద్దల పని. తినాలా వద్దా, తింటే ఎంత అనేది పిల్లల పని. నేను చూసినంతలో మన ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. ఏం కావాలో పిల్లాడు చెప్తాడు, "నూడుల్స్ చెయ్యి" అని. ఎంత తినాలో మనం చెప్తాం, "కంచం ఖాళీ కావాలి" అని.

ఇక ఫోన్. ఆరేళ్ల కిందట ఒక తల్లి ఐదేళ్ల బాబును తీసుకొచ్చింది. మధ్యాహ్నం కావడంతో నా గదిలోనే క్యారియర్ విప్పమన్నాను, తినిపించే తీరు చూద్దామని. ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించింది. వాడి కళ్లు తెర మీద, నోరు దానంతట అది తెరుచుకుంటోంది, ఆమె ముద్ద పెడుతోంది, వాడు నమలకుండా మింగుతున్నాడు. సగంలో చార్జింగ్ అయిపోయింది. తెర నల్లబడింది. వాడు మొదటిసారి కంచంలోకి చూశాడు. వేలితో ముట్టుకుని "ఇదేంటమ్మా?" అన్నాడు. బీరకాయ పప్పు. వారానికి రెండుసార్లు తింటున్నాడని ఆమె అప్పుడే చెప్పింది. ఆ పప్పు రంగు, పేరు, రుచి వాడికి ఏమీ తెలియవు. ఆ రోజు ఆ తల్లి ముఖం నేను మరచిపోలేను.

మా కాలంలో చందమామను చూపించి తినిపించలేదా, అదీ ఏమరపాటే కదా అని మీ అత్తగారు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ చందమామను చూపించే అమ్మ బిడ్డ ముఖమే చూస్తూ ఉండేది. బిడ్డ తల తిప్పుకుంటే ఆమెకు తెలిసేది. మధ్యలో మాటలుండేవి, నవ్వులుండేవి, ముద్దకూ ముద్దకూ ఎడం ఉండేది. ఫోన్ ఆ ఎడం ఇవ్వదు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. తెర చూస్తున్న పిల్లాడు ఆ కబురు అందేలోపే ఇంకో అర కప్పు అన్నం మింగేస్తాడు.

ఒక్కసారిగా మూడు పూటలూ ఫోన్ తీసేయకండి, ఇల్లు రణరంగం అవుతుంది. రాత్రి భోజనంతో మొదలుపెట్టండి. నాన్న వచ్చేదాకా తొమ్మిదిన్నరకు తింటున్నామని రాశారు. పిల్లలిద్దరికీ ఏడున్నరకే పెట్టండి, పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా వాళ్ల పక్కన కూర్చుని తినండి. కింద చాప వేసుకున్నా సరే, బల్ల అయినా సరే, రోజూ అదే చోటు. టీవీ కట్టేయాలి, మీ ఫోన్లు కూడా వేరే గదిలో పెట్టాలి. పెద్దల ఫోన్ చేతిలో ఉండగా పిల్లల ఫోన్ లాక్కుంటే వాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. వడ్డించేది కొద్దిగా, పాపకు నాలుగు చిన్న ముద్దలంత. మళ్లీ అడిగితే మళ్లీ పెట్టండి. 25 నిమిషాలయ్యాక తిన్నా తినకపోయినా కంచం తీసేయండి. తిట్టొద్దు, బతిమాలొద్దు, "మంచి పిల్ల, అంతా తినేసింది" అని మెచ్చుకోవడం కూడా వద్దు. తినడం మనకు చేసే ఉపకారం కాదని పిల్లలకు తెలియాలి. నేను చూసిన ఇళ్లలో మొదటి మూడు రోజులు ఏడుపులు, నాలుగో రోజు అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఆ రోజు మీ మనసు కరిగిపోతుంది. వారం గడిస్తే అలవాటు పడతారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఒక పూట తక్కువ తిన్నంత మాత్రాన ఏమీ కాదు, తర్వాతి పూట చూసుకుంటారు.

పూటలు గడియారం ప్రకారం ఉండాలి. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, బడి నుంచి రాగానే చిరుతిండి, రాత్రి భోజనం. పాపకు పదకొండింటికి ఒక పండు. ఈ మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, పాలు కూడా వద్దు. పాప రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగుతోందని చివర్లో ఏదో మామూలు విషయంలా రాశారు. నాకు ముఖ్యంగా కనిపించింది అదే. ఆ పాలతోనే కడుపు నిండిపోతుంటే అన్నం ఎక్కడ పడుతుంది? పైగా పాలలో ఐరన్ దాదాపు లేదు, ఎక్కువైతే మిగతా తిండిలోని ఐరన్‌ను కూడా ఒంటికి సరిగా పట్టనివ్వవు. 2016-18 మధ్య దేశమంతటా చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పాలు రోజుకు రెండు చిన్న గ్లాసులకు తగ్గించండి, అదీ భోజనం తర్వాతే, లేదంటే పెరుగన్నంగా. పాపకు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఐరన్ తక్కువైనా ఆకలి మందగిస్తుంది.

పౌడర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు ఇలాంటి మాల్ట్ పానీయాలను 'హెల్త్ డ్రింక్' వర్గంలో నుంచి తీసేయమని చెప్పింది. మన ఆహార చట్టంలో ఆ పేరుతో ఒక వర్గమే లేదు. డబ్బా వెనక చక్కెర ఎంతుందో చదవండి, మీకే అర్థమవుతుంది. ఆ డబ్బుతో గుడ్లు, వేరుశెనగలు, రాగిపిండి కొనండి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో సర్కారు బడి పిల్లలకు గుడ్డు, రాగిజావ ఇస్తున్నది ఊరికే కాదు. మనం మాత్రం ఫీజులు కట్టి చదివించే పిల్లలకు క్రీమ్ బిస్కెట్లు బాక్సులో పెడుతున్నాం.

బాబు చిరుతిండి దగ్గరికి వస్తాను. నాలుగింటికి వాడికి నిజంగానే ఆకలేస్తుంది, బడిలో బాక్సు సగం మిగిల్చి వస్తాడు కాబట్టి. ఆ ఆకలికి ఇంట్లో సిద్ధంగా ఉన్నది చిప్స్ ప్యాకెట్ అయితే తప్పు వాడిది కాదు. అల్మరాలో ప్యాకెట్లు పెట్టి "తినకు" అనడం ఎనిమిదేళ్ల వాడికి పెట్టకూడని పరీక్ష. నెల సామాన్లలో అవి రాయడం మానేయండి. పెళ్లికో, పుట్టినరోజుకో, నెలకోసారి బయటికి వెళ్లినప్పుడో తింటే తిననివ్వండి, అప్పుడు కళ్లురుమి చూడకండి. ఇంట్లోకి రాకపోతే చాలు.

వాటి బదులు ఏం పెట్టాలన్నది మీ అత్తగారికి నాకన్నా బాగా తెలుసు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, తాలింపు పెట్టిన శనగల గుగ్గిళ్లు, ఉల్లిపాయ నిమ్మకాయ పిండిన మరమరాలు, చిలగడదుంప, కాల్చిన మొక్కజొన్న పొత్తు, జామకాయ, సంక్రాంతి రోజుల్లో రేగిపళ్లు, తేగలు. వేరుశెనక్కాయలను పొట్టుతో పెట్టండి. ఒలుచుకుంటూ తినే పిల్లాడు నెమ్మదిగా తింటాడు, చేతులకు పని ఉంటుంది. ఒలిచి గిన్నెలో పోసి ఇస్తే రెండు గుప్పిళ్లలో అయిపోతాయి. పాపకు మాత్రం పప్పులు మెత్తగా ఉడికించి, పక్కన కూర్చుని పెట్టండి, పరుగెడుతూ తిననివ్వకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. కూల్ డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు పూర్తిగా ఆపండి. 250 మిల్లీలీటర్ల కోలాలో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, కొబ్బరినీళ్లు ఉండగా మనకు వాటితో పని లేదు.

బడి గేటు ముందు బండి సంగతి రాశారు కదా. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిళ్లు బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపలా అమ్మకూడదు. తల్లిదండ్రుల సమావేశంలో నలుగురు కలిసి ఈ మాట ఎత్తండి. ఒక్కరే అడిగితే పట్టించుకోకపోవచ్చు.

కూరలు తినరు అన్నారు. కొత్త కూర పిల్లల నోటికి అలవాటు పడాలంటే పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు కంచంలో కనబడాలి. మనం మూడోసారికే "వీడికి కాకరకాయ పడదు" అని తీర్మానం చేసేస్తాం. వాళ్లకు ఇష్టమైన పప్పు పక్కన ఒక చెంచా కొత్త కూర వేయండి, తినమని అనొద్దు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట. అందులో పాపకు ముద్ద మీద కాస్త నెయ్యి ఎక్కువ, బాబుకు కూర ఎక్కువ, అన్నం కొంచెం తక్కువ, అంతే తేడా. మీరు అడగని ప్రశ్నకు కూడా ఇదే జవాబు: వేరువేరుగా వండకండి.

బాబుతో గోంగూర తుంచించండి, బఠాణీలు ఒలిపించండి. ఆదివారం రైతుబజారుకు సంచి ఇచ్చి తీసుకెళ్లి, ఈ వారం ఏ ఆకుకూర కొనాలో వాడినే ఎంచుకోమనండి. తాను ఎంచి తెచ్చిన తోటకూరను పిల్లాడు ముట్టకుండా వదిలేయడం నేను చాలా తక్కువ చూశాను.

మీ అత్తగారి మీద మీ ఉత్తరంలో కొంచెం కోపం కనబడింది. "ఎంత చెప్పినా వినరు, ఇంకొక్క ముద్ద అని కుక్కుతారు" అని రాశారు. పెద్దావిడ ఆకలి చూసిన తరం మనిషి అయి ఉండొచ్చు. ఆమె దృష్టిలో బొద్దుగా ఉన్న మనవడు దేవుడిచ్చిన భాగ్యం. ఆమెకు నియమాలు చదివి వినిపించకండి, పని అప్పగించండి. "సాయంత్రం చిరుతిండి మీదేనండీ, మీ చిన్నప్పుడు ఏం తినేవారో అవి వీళ్లకు చేసి పెట్టండి" అనండి. డాక్టరు దగ్గరికి ఆమెను కూడా తీసుకెళ్లండి, బాబు బరువు గీత ఆమె కళ్లతో చూడాలి. కోడలు చెప్తే మాట, డాక్టరు చెప్తే మందు. వారానికోసారి నువ్వుల ఉండో సున్నుండో చేస్తే కాదనకండి, ఒకటి తిని లేచే అలవాటు చేయండి చాలు.

ఆటల విషయానికి వద్దాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని, వారంలో కనీసం 3 రోజులు ఎముకలకు కండరాలకు బలమిచ్చే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కరాటే వారానికి రెండు క్లాసులుంటే మిగిలిన ఐదు రోజుల మాటేమిటి? బాబు తానే అడిగితే చేర్పించండి. బరువు తగ్గడానికి అని చెప్పి మాత్రం చేర్పించకండి. ఆట శిక్షగా మారితే పెద్దయ్యాక ఎక్సర్‌సైజ్ అనే మాటంటేనే పడకుండా పోతుంది. గుంజీళ్లు తీయిస్తే కడుపు కరుగుతుందనే మాట కూడా నమ్మకండి.

లావుగా ఉన్న పిల్లాడు ఆటకు ఎందుకు వెళ్లడో ఒకసారి పిల్లలు ఆడే చోట నిలబడి చూడండి. పరుగులో వెనకబడతాడు, ముందు వాడే అవుటవుతాడు, జట్లు వేసుకునేటప్పుడు చివరికి మిగిలేది వాడే. ఎవడో 'బొండాం' అంటాడు. అలాంటప్పుడు ఫోన్లో ఆటే నయమనిపిస్తుంది, అక్కడ ఎవరూ నవ్వరు. అందుకే మొదట ఇంటివాళ్లతో ఆడించాలి. తొక్కుడు బిళ్ల గీసి ఒంటికాలి మీద గెంతించండి, పైన చెప్పిన ఎముకల బలం అందులోనే ఉంది. ఏడు పెంకులాటలో లావు సన్నం లెక్కలోకి రావు, గురి లెక్కలోకి వస్తుంది. సైకిల్ మంచిది. ఈత ఇంకా మంచిది, నీళ్లలో బరువు తెలియదు, మోకాళ్లు నొప్పెట్టవు. పాపను కూడా వీటిలో కలపండి. ఎండలో గంటసేపు గెంతి వచ్చిన పిల్ల అన్నం అడిగి తింటుంది, నేనిచ్చే ఆకలి మందు అదే. ఆరుబయట ఎక్కువగా ఆడే పిల్లల్లో దూరంగా ఉన్నవి మసకగా కనబడే చూపు సమస్య తక్కువని కూడా చూస్తున్నారు.

మీవారు రాత్రి ఆలస్యంగా వస్తారు కాబట్టి పొద్దున ఆరున్నరకు అరగంట బాబుతో షటిల్ ఆడమనండి. ఆ అరగంట నాన్నతో దొరుకుతుందంటే వాడే తెల్లవారి లేపుతాడు. పొద్దున లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి. ఈ వయసుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గిన పిల్లలకు మర్నాడు తీపి మీదికి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. బాబు మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా ఉందేమో చూడండి. చాలామంది తల్లులు దాన్ని మట్టి అనుకుని సున్నిపిండితో, నిమ్మచెక్కతో చర్మం ఎర్రబడేలా రుద్దుతారు. అది మట్టి కాదు, రుద్దితే పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదని చర్మం చెప్తున్న కబురు. ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. లేకపోయినా ఈ బరువుకు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు ఒకసారి అడగండి. నిద్రలో గట్టిగా గురక పెడుతున్నా, తరచూ మోకాళ్ల నొప్పులన్నా, ఎత్తు పెరగడం ఆగినట్టున్నా ఆలస్యం చేయొద్దు. పాపకైతే మూడు నెలలుగా బరువు అసలు పెరగకపోయినా, తగ్గినా, మన్ను, సుద్ద, బియ్యం తింటున్నా, ముద్ద మింగలేక వాంతి చేసుకుంటున్నా చూపించాలి.

బరువు నెలకోసారి, అదే తూకం మీద చూడండి. ఆ అంకెను పిల్లల ముందు చదవకండి, చుట్టాల ముందు అసలు వద్దు. వచ్చే సోమవారం నుంచి రాత్రి భోజనం, పాపకు పాల తగ్గింపు, ఈ రెండే మొదలుపెట్టండి. చిరుతిండి మార్పు రెండో వారం, పొద్దుటి ఆట మూడో వారం. నాలుగో రోజు పాప మరీ ఏడిస్తే, ఫోన్ ఇచ్చేయాలనిపిస్తే, ఇచ్చేముందు నాకు ఒక్క మాట రాయండి, వెంటనే జవాబిస్తాను.